పొగ పద్దు

గంగిశెట్టి వారి కొత్త బట్టలంగడికి
మూడంతస్తుల ఎస్టిమేటు రెండు కాగితాలుగా వచ్చింది.
ముప్పై ఏళ్లుగా చిట్టా రాసే చెయ్యి నాది,
అంకె కనబడితే కింద గీత గీసి కూడనిదే ఊరుకోదు.

మొదటి కాగితం ప్రొద్దుటూరంతా తెలిసిందే:
పడమటి మొగాన నిలువునా అద్దం,
పైన ఒట్టి స్లాబు,
లోపల నలభై టన్నుల ఏసీ.

రెండోది ఇంజనీరు దస్తగిరమ్మ రాసింది:
బూడిద ఇటుకల జంట గోడ, నడుమ బెత్తెడు గాలి,
మిద్దె మీద తెల్ల పెంకు,
కిటికీకి కనురెప్పలా లోతైన చూరు.
ఏసీ ఇరవై ఆరు టన్నులే చాలంట.
ఏసీలో మిగిలింది తీసేసినా
పదకొండు లక్షల డెబ్బై వేలు ఎక్కువ.

"పదకొండు లక్షలా!" సెట్టి కుర్చీలోంచి లేచినాడు.
"కొంచెం తగ్గించమ్మా."
"గోడ తగ్గిస్తే ఎండ పెరుగుతాది సామీ.
చీర మీద డిస్కౌంటు మీరిస్తారు,
మే నెల మీద ఎవరిస్తారు?"
"ఎదురంగడోడు అద్దం పెట్టినాడే!"
"పెట్టి, లోపల తెరలు దించుకున్యాడు.
మూడు గంటలప్పుడు పోయి చూడండి."

పోయి చూసొచ్చింది నేను.
అద్దం వెనక బొమ్మకు కట్టిన నెమలికంఠం చీర
ఎండ తగిలిన భుజం మేర వెలిసిపోయింది.
ఆ నష్టం ఏ ఎస్టిమేటులోనూ లేదు.

రాత్రి కూర్చుని లెక్క వేశాను.
నెలకు రెండు వేల యూనిట్లు మిగులు,
యూనిటు పదకొండు రూపాయలనుకుంటే ఇరవై రెండు వేలు.
నాలుగేళ్ల ఐదు నెలలకు అసలు తీరుతుంది.
ఆ తర్వాత గోడే మనకు వడ్డీ కడుతుంది,
నిలబడినన్నాళ్లూ,
నోరెత్తకుండా.

ఇంతవరకూ నాకు చేతనైన లెక్కే.
కాగితం అడుగున ఇంకో వరుస ఉంది:
ఏడాదికి పంతొమ్మిది టన్నుల బొగ్గుపులుసు గాలి, తగ్గుదల.
పులుసంటే చింతపండే తెలిసిన నాకు
గాలిని తూకం వేయడం కొత్త.
దీన్ని జమలో రాయాలా, ఖర్చులో రాయాలా?
జమ అయితే ఎవరి పేరున?

"ముద్దనూరు దాటేటప్పుడు రైల్లోంచి చూసింటారు కదా,
ఆ పొగ గొట్టాలు," అంది దస్తగిరమ్మ.
"మీ అంగట్లో చలి పుట్టాలంటే ఆడ మంట పుట్టాల.
ఈ గోడ ఉంటే ఏటా లారీన్నర బొగ్గు కాలకుండా మిగుల్తాది."
లారీన్నర అంటే నాకు అర్థమైంది.
ఇటుక ఒకటి చేతిలో పెట్టింది.
అట్లాంటి పొయ్యి బూడిదే ఇది.
కాలిపోయిన బొగ్గు తిరిగొచ్చి
ఇంకో బొగ్గు కాలకుండా అడ్డం నిలబడుతుందంట.

సెట్టి ఒప్పుకున్నాడు, సగం.
కింది అంతస్తుకు అద్దం ఉండి తీరాలన్నాడు,
లక్ష్మికి దారి కనబడాలంట.
ఆమె చూరును మూడడుగులు ముందుకు లాగి
పై రెండంతస్తులకు గోడ దక్కించుకుంది.
నా రెండు వేల యూనిట్లలో
మూడు వందలు ఆ అద్దంలోంచి కారిపోయాయి.
పంతొమ్మిది పదహారైంది.
ఎర్రసిరాతో దిద్దాను.

ఆవర్జా చివరి పేజీ తిప్పి
పొగ పద్దు అని రాసి, కింద పదహారు వేసి
ఖాతాదారు పేరు దగ్గర ఖాళీ వదిలాను.
ఆడిటరు చూస్తే నవ్వుతాడు.
నవ్వనీ.

నిన్న మధ్యాహ్నం పనికాడికి పోయాను.
మేస్త్రీ బాలహుసేని మనుషులు
పోయిన వేసవి ఎదురంగడి పనప్పుడు
క్యారియర్లు పట్టుకుని వీధి చివర నీడకు నడిచేవాళ్లు.
ఈసారి లోపలికే వచ్చి, రెండో అంతస్తులో చేరారు.
తట్ట మోసే ఓబులమ్మ
పడమటి గోడకు వీపు ఆనించి నిద్రపోతోంది,
నోరు కొంచెం తెరుచుకుని.
ఆమె పక్కన గోడ మీద అరచెయ్యి పెట్టి
కాసేపు తీయలేదు.

ఏసీ పెట్టెలు ఇంకా రాలేదు.
మీటరు బిగించాల్సిన చోట
రెండు వైర్లు ఊరికే వేలాడుతున్నాయి.